ఒంట్లో నీళ్ల పాఠం

రోజు 1

పొద్దున నీళ్లు తాగమని రెండో సైరన్ మోగుతుండగా రాజేశం గారు ఆరోగ్య గదికి వచ్చి బల్ల మీద ఒక పుస్తకం పెట్టారు. ఇటుకంత లావుంది. అట్ట ఊడిపోయింది. లోపలి పేజీలో ‘మానవ శరీరధర్మ శాస్త్రం’ అని ఉంది.

“యాబై రోజులున్నయ్ భాగ్యా. సదువు,” అన్నారు.

రాజేశం గారు మా ఏడో బాయి కమిటీ అధ్యక్షుడు. బొగ్గు అయిపోయాక ఖాళీగా పడి ఉన్న ఈ గనిలోకి, పైన ఎండలకు ఉండలేక మా తాతలు దిగారు. మేం నాలుగు వందల మందిమి ఇక్కడే ఉంటున్నాం. రోగం చూసి మందు చెప్పే మిషను ఒకటి ఉంది మాకు. దానికి దూరం నుంచి వచ్చే సంకేతం ఈ వేసవి చివర ఆగిపోతుంది. చిన్న ఊళ్లకు ఇక నడపరట. ఆ లోపల ఊరికొక మనిషి వైద్య పరీక్ష పాసవ్వాలి. లేదంటే జ్వరం వచ్చినా వంద కిలోమీటర్లు ఆ ఎండలో పోవాలి.

మిషను దగ్గర పదిహేనేళ్ల అనుభవం ఉన్నది నాకొక్కదానికే కాబట్టి పరీక్ష నా మెడకు పడింది. అనుభవం అంటే, తెర మీద సూది అని వస్తే సూది వేశాను, గోలీ అని వస్తే గోలీ ఇచ్చాను. ఎందుకని ఎన్నడూ అడగలేదు. ఎవరూ నన్నూ అడగలేదు.

చదివినన్ని రోజులూ దినచర్య రాయాలని పరీక్ష బోర్డు నియమం. అందుకే ఇది.

రోజు 3

మొదటి అధ్యాయం నాలుగుసార్లు చదివాను. కణం, కణం చుట్టూ పొర, ఆ పొరలోంచి నీళ్లు అటూ ఇటూ పోవడం. ప్రతి మాటా తెలుగే. ఒక్క వాక్యమూ బుర్రకెక్కలేదు.

రాజేశం గారితో చెప్పుకున్నాను.

“ఇస్తారి సారును అడుగు.”

“ఆయన నాకు చెప్తడా?”

“చెప్తడో చెప్పడో. నువ్వు గాకుంటె అడిగేటోళ్లెవ్వరున్నరు?”

ఇస్తారి సారు ఒకప్పుడు మా డాక్టరు. పదమూడేళ్ల కింద విచారణ చేసి తీసేశారు. మిషను చెప్పిన వైద్యాన్ని ఆపాడని, అందువల్ల ఓదెలు అనే కుర్రాడు చనిపోయాడని తేల్చారు. ఆ విచారణలో సాక్ష్యం చెప్పింది నేను. అప్పటి నుంచీ సారు మూడో గ్యాలరీలో పుట్టగొడుగులు పెంచుతున్నారు. దూరం నుంచి ఆయన కనిపిస్తే నేను దారి మార్చుకునేదాన్ని.

రోజు 5

మూడో గ్యాలరీలో తడి గడ్డి వాసన. సారు బెడ్ల మీద నీళ్లు చల్లుతున్నారు. అడుగుల చప్పుడుకు తల ఒక పక్కకు వంచి చూశారు.

“ఎవరూ?”

“నేను సారూ. భాగ్యను.”

ఆయన నీళ్లు చల్లడం ఆపలేదు.

“పుస్తకం తెచ్చినవా?” అన్నారు చివరికి.

“తెచ్చిన.”

“సదువు. నా కండ్లకు నీటికాసులు. గొట్టంలకెళ్లి సూసినట్టు కనవడ్తది. ఒక వరుస సూస్తె రెండోది పోతది.”

నేను చదవబోతుంటే ఆపి, ఒక పుట్టగొడుగును ముక్కలు కోసి ఉప్పు చల్లమన్నారు. చల్లాక చదవమన్నారు. రెండు పేజీలు అయ్యేసరికి పళ్లెంలో నీళ్లు ఊరాయి.

“నీళ్లు ఎటు వచ్చినయ్?”

“ఉప్పు దిక్కు.”

“ఉప్పు యాడ ఎక్కువుంటె నీళ్లు ఆడికి పోతయ్. నువ్వు నాలుగుసార్లు సదివింది గిదే.” తర్వాత అడిగారు: “బయట ఉప్పు పలుచబడితె?”

“నీళ్లు లోపలికి పోతయ్. కణం ఉబ్బుతది.”

సారు చేతులు తుడుచుకున్నారు. “ఇయ్యాల్టికి చాలు,” అన్నారు.

ఇంకా గంట టైముంది. ఎందుకు ఆపేశారో నాకు తెలియలేదు.

రోజు 14

రోజూ పని అయ్యాక వెళ్తున్నాను. గుండె అయింది, ఊపిరితిత్తులు అయ్యాయి. సారు కోపంగానే చెప్తారు, కానీ చెప్తారు. తప్పు చెబితే “మిషను తీరుగ ఒప్పజెప్పకు” అంటారు. ఇవాళ నా వేళ్లను నా మెడ మీదే పెట్టించి నాడి లెక్కపెట్టించారు. పదిహేనేళ్లుగా ఆ అంకె తెర మీదే చూశాను. వేలి కింద కొట్టుకుంటుంటే సిగ్గేసింది.

అన్నం వేళ దాటిపోయింది. క్యాంటీన్‌లో కనకక్క నా కంచం మూతపెట్టి ఉంచింది. కనకక్క ఓదెలుకు సొంత అక్క. తల్లి లేని తమ్ముణ్ని తనే పెంచింది.

“తిను. సదువంటె రక్తం తాగుతది,” అని పప్పు ఇంకో గరిటె వేసింది. “మా ఓదెలుకు ఆఖరి గడియల చేసింది నువ్వొక్కదానివే. ఆ సారు చేతులు కట్టుకొని పోయిండు. నువ్వు సీసా పెట్టినవ్. నేను మర్వ.”

ఈ మాట పదమూడేళ్లుగా వింటున్నాను. ఎప్పుడూ తల వంచుకుని తింటాను. ఇవాళా అంతే.

కనకక్క సారుకు అన్నం పెట్టదు. ఆయన గ్యాలరీ మూలలో చిన్న పొయ్యి ఉంది. తనే వండుకుంటారు.

రోజు 22

ఇవాళ ‘శరీర ద్రవాలు’ అధ్యాయం రావాలి. సారు దాన్ని దాటేసి, “మూత్రపిండాలు తియ్యి,” అన్నారు.

“నడుమల ఒకటి ఉంది సారూ.”

“అది నువ్వే సదువుకో.”

రోజు 23

చదివాను.

అయిదు శాతం గ్లూకోజు ద్రావణం రక్తంలోకి వెళ్లాక గ్లూకోజును కణాలు వాడేసుకుంటాయి. మిగిలేది ఉత్త నీళ్లు. రక్తంలో సోడియం పడిపోయిన మనిషికి అది ఎక్కిస్తే ఆ నీళ్లు కణాల్లోకి పోతాయి. మిగతా అవయవాలకు ఉబ్బడానికి చోటుంటుంది. మెదడు చుట్టూ ఎముక ఉంది.

అక్కడే పుస్తకం మూశాను.

రోజు 24

పొద్దున పాత రికార్డులు తీశాను. పదమూడేళ్ల కిందటిది కూడా మిషను దాచింది. ఓదెలు, ఇరవై ఆరేళ్లు, పైన సౌర పలకలు తుడిచే పని. సోడియం 116. ఉండాల్సింది 135 పైన. ఆ అంకె పక్కన మిషను ‘నమూనా అనుమానాస్పదం’ అని రాసుకుని దాన్ని పక్కన పెట్టేసింది. ఎండలో పడిపోయినవాడికి నీళ్లు తగ్గి ఉంటాయని దాని లెక్క. తాగిన నీళ్లు లెక్కపెట్టే ఓదెలు చేతి పట్టీ పంపిన అంకె ఇంకొకటి ఉంది. పదకొండు గంటల్లో పదకొండు లీటర్లు తాగాడు.

మా దగ్గర పైన పనిచేసేవాళ్లకు నీళ్ల సైరన్ మోగుతుంది. మోగిన ప్రతిసారీ లీటరు చెంబు ఖాళీ చేయాలి. దాహం ఉన్నా లేకున్నా. ఓదెలు చెప్పిన మాట వినే పిల్లవాడు. చెంబులో చుక్క మిగిల్చేవాడు కాదు.

ఆ రోజు అతన్ని మోసుకొచ్చినప్పుడు వాంతి చేసుకుంటున్నాడు. “నెత్తి పలుగుతంది” అని తల పట్టుకున్నాడు. చెయ్యి ఉబ్బి పట్టీ మణికట్టులోకి దిగబడింది. ఇస్తారి సారు నాలుక చూశారు, చేతులు నొక్కి చూశారు. “వీనికి నీళ్లు తక్కువ గాలే, ఎక్కువైనయ్. ఏం ఎక్కియ్యకు. కింది స్టోర్‌ల గట్టి ఉప్పు సీసా ఉంది, తెస్త,” అని పరుగెత్తారు.

తెర ఎర్రగా వెలుగుతూ ఉంది. ‘వెంటనే ద్రవం ఎక్కించండి.’ ప్రతి నిమిషం గంట కొడుతోంది. లిఫ్టు ఎక్కడో ఇరుక్కుంది, సారు రాలేదు. ఓదెలు నా చెయ్యి పట్టుకుని “అక్కా, ఏమన్న చెయ్యి” అన్నాడు. నేను గ్లూకోజు సీసా తగిలించాను. ఇరవయ్యో నిమిషంలో, స్టోరు దాకా పోలేక సారు వట్టి చేతులతో తిరిగి వచ్చేసరికి ఓదెలుకు ఫిట్స్ వచ్చి పోయాయి. మళ్లీ కళ్లు తెరవలేదు.

విచారణలో గ్లూకోజు సంగతి నేను దాచలేదు. దాచాల్సిన పని లేకపోయింది. మిషను మాట విన్నందుకు నన్ను మెచ్చుకున్నారు. ఉప్పు కోసమే పోయానన్న సారు మాట నిజమో కాదో తేల్చడానికి తర్వాత ఒక ప్రశ్న అడిగారు: “డాక్టరు ఎక్కడికి వెళ్తున్నదీ నీకు చెప్పాడా?”

“తెల్వదు. చెప్పలే,” అన్నాను.

చెప్పాడు. ఉప్పు కోసం వెళ్లాడంటే, మరి నువ్వెందుకు ఆగలేదని నన్ను అడుగుతారు. ఆ భయం నాకు ఒక్క క్షణమే కలిగింది. ఆ ఒక్క క్షణమే సరిపోయింది.

ఇంకొకటి ఉంది. ఓదెలు చనిపోయాక, మరొకరికి అలా కాకూడదని నీళ్ల సైరన్‌ను గంట నుంచి ముప్పావు గంటకు తగ్గించారు. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది.

రోజు 26

రెండు రోజులు సారు దగ్గరకు పోలేదు. ఇవాళ పోయి నిలబడ్డాను.

“సదివినవా?” అన్నారు.

“సదివిన సారూ.”

ఆయన గడ్డి బెడ్డును వేళ్లతో తడుముతూ, ఎదిగిన పుట్టగొడుగులను తుంచుతున్నారు. “నాలుగేండ్లు నీ మీద మస్తు కోపముండె. నీ గొంతు ఇనవడితె అటు దిక్కు రాకపొయ్యేది. అటెన్క కోపం గూడ ముసల్దైంది.”

“మీరు ఉప్పు సీసాకు పోతున్నని నాతోటి చెప్పిన్రు. నేను తెల్వదన్న.”

“ఎందుకన్నవ్?”

“భయమైంది.”

సారు తల ఊపారు. “గ్లూకోజు సీసా సంగతి నేను మనసుల పెట్టుకోలే. నీకు పాఠం చెప్పకుంట సీసా చేతికిచ్చినం. అది మా తప్పు. కని నేను ఏడికి పోయిన్నో నీకు ఎరుకే గద భాగ్యా. ఆ ఒక్క మాట నువ్వు చెప్తవని దినాం సూసిన.”

నాకు ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే కొంచెం తేలికయ్యేదేమో.

“ఇప్పుడు ఏం చెయ్యాలె సారూ?”

“నన్నడుగుతవా?” అన్నారు. బుట్ట ఎత్తుకుని గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లిపోయారు. వెళ్తూ అన్నారు, “రేపు పుస్తకం మర్చిపోయి రాకు. మూత్రపిండాలు సగమే అయినయ్.”

రోజు 29

రాజేశం గారికి అంతా చెప్పాను. సైరన్ ఆపించమన్నాను. బోర్డుకు రాస్తానన్నాను. ఆయన తలుపు వేశారు.

“ఇప్పుడు రాస్తె నిన్ను పరీక్షకు కూసోనిస్తరా? నాలుగు వందల పానాలు నీ మీదున్నయ్. సారుకు సూపు లేకపాయె. ఆయన పేరు బాగు జేసి ఆయనను ఏం జేసుకుంటం? పరీక్ష అయినంక చెప్పు. ఎవలు వద్దన్నరు?”

“సైరన్?”

“మిషను చెప్పింది నేను తగ్గించి, రేపు ఎవడన్న వడదెబ్బకు పడితె ఎవలు జవాబియ్యాలె?”

ఆయన మాటలో న్యాయం ఉందని నాకు నేను చెప్పుకున్నాను. సరే అన్నాను. బయటికి వస్తుంటే సైరన్ మోగింది.

రోజు 37

రాజేశం గారికి సరే అని ఎనిమిది రోజులైంది.

ఇవాళ మొదటి షిఫ్టు దిగే వేళకు సమ్మయ్యను మోసుకొచ్చారు. నలభై ఏళ్ల మనిషి, పలకలు తుడిచే జట్టుకు మేస్త్రీ. వాంతి. తలనొప్పి. తన పేరు అడిగితే కూతురి పేరు చెప్తున్నాడు. వేళ్లు చూశాను. ఉంగరం మాంసంలో పూడుకుపోయింది.

తెర ఎర్రబడింది. ‘వెంటనే ద్రవం ఎక్కించండి.’

నా చెయ్యి అలవాటుగా సీసా వైపు వెళ్లింది. వెళ్లిందని రాయాలి. మధ్యలో ఆపుకున్నాను. సోడియం చూశాను. 121. మిషను దాని పక్కన మళ్లీ ‘అనుమానాస్పదం’ అని రాసింది. నేను తెర గంటను ఆపేశాను. సారును తీసుకురమ్మని మనిషిని పంపాను.

పదమూడేళ్ల తర్వాత ఇస్తారి సారు ఆ గదిలో అడుగు పెట్టారు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగారు. ఆ తర్వాత ఆగలేదు.

“సదువు,” అన్నారు.

నేను అంకెలు చదివాను. సారు సమ్మయ్య వేళ్లు నొక్కి చూశారు. “మింగుతున్నడా?”

“మింగుతున్నడు.”

“అయితె మంచిగైంది. గుక్కెడు నీళ్లల్ల ఉప్పు గట్టిగ కలిపి చెంచతోటి పొయ్యి. వట్టి నీళ్లు చుక్క పోవద్దు. ఫిట్సు వచ్చిందా, స్టోర్‌ల సీసా ఎక్కియ్యాలె. ఇప్పుడే మనిషిని తోలు.”

క్యాంటీన్ నుంచి ఉప్పు డబ్బా పట్టుకుని కనకక్కే పరుగెత్తుకుంటూ వచ్చింది. సారును చూసి మొహం తిప్పుకుంది గానీ పోలేదు. చెంచా చెంచా పోస్తుంటే సమ్మయ్య తల పట్టుకుని కూర్చుంది. రెండు గంటలు గడిచేసరికి అతను బకెట్టు నిండా మూత్రం పోశాడు. మధ్యాహ్నానికి సోడియం 126. తన పేరు తను చెప్పాడు. బీడీ అడిగాడు. స్టోరు నుంచి తెచ్చిన సీసా మూత తీయాల్సిన అవసరం రాలేదు.

గదిలో అందరూ నవ్వారు. కనకక్క నవ్వలేదు.

“భాగ్యా,” అంది. “మా ఓదెలు గూడ గిట్లనే కక్కుకున్నడు. గిట్లనే నెత్తి పలుగుతందన్నడు.”

“అవునక్కా.”

“మరి వానికి ఉప్పెందుకు పెట్టలే?”

సారు ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నారు. జవాబు ఆయన చెప్పొచ్చు. మొహం నా వైపు తిప్పారు.

“సారు ఉప్పుకే పోయిండక్కా. నాకు చెప్పే పోయిండు. ఏం ఎక్కియ్యకు అన్నడు. నేను ఆగలే. నేను పెట్టిన గ్లూకోజు వట్టి నీళ్లే. వాని మెదడు అప్పటికే నీళ్లకు ఉబ్బింది. నేను ఇంకిన్ని నీళ్లు పోసిన. అది నాకు మొన్న పుస్తకం సదివితె ఎరుకైంది. కని సారు ఏడికి పోయిండో నాకు ఆనాడే ఎరుక. తెల్వదని అబద్ధమాడిన.”

కనకక్క చేతికంటిన ఉప్పును కొంగుకు తుడుచుకుంది. ఒక్కో వేలూ తుడుచుకుంది.

“పదమూడేండ్లు,” అంది. “ఆ ముసలాయనకు ఒక్క పూట బువ్వ పెట్టలే. నీకు పెట్టిన.”

డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

రోజు 38

పొద్దున్నే బోర్డుకు రాశాను. ఈ దినచర్యలో ఇప్పటిదాకా రాసిన పేజీలన్నీ పంపాను. తర్వాత రాజేశం గారికి చెప్పాను. ఆయన అరిచారు. అరుపు అయ్యాక కుర్చీలో కూలబడి, “సమ్మయ్య మా బామ్మర్ది,” అన్నారు. “సైరన్ బంద్ పెట్టమన్న. దాహమైతెనే తాగమని చెప్పిన.”

సాయంత్రం పాఠానికి వెళ్లేసరికి గ్యాలరీలో కనకక్క ఉంది. చేతిలో మూతపెట్టిన కంచం. సారు తింటున్నంతసేపూ నిలబడే ఉంది. సారు చేతికి కూర తెలియకపోతే కంచం కొంచెం తిప్పింది. పోతూ నా పక్కనుంచే నడిచింది. నేను గోడనైనా అంతే నడిచేది.

“నరాల అధ్యాయం మళ్ల సదువు,” అన్నారు సారు.

రోజు 50

పరీక్ష రాశాను. బోర్డు నిర్ణయం రాకముందే కూర్చోనిచ్చారు. కమిటీ గదిలో కెమెరా ముందు మూడు గంటలు. నాలుగో ప్రశ్న: ‘అధికంగా నీరు తాగి, రక్తంలో సోడియం పడిపోయిన వ్యక్తి మెదడులో జరిగే మార్పులు వివరించండి.’ పది మార్కులు.

మిగతావన్నీ గబగబా రాశాను. ఇది రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. జవాబు రాకపోవడం వల్ల కాదు.

ఈ మధ్య క్యాంటీన్‌లో కనకక్క నాకు అందరితోపాటే పెడుతుంది. ఎంత కొలతో అంత. కంచం మూతపెట్టి ఉంచడం లేదు.

రోజు 81

బోర్డు నుంచి ఉత్తరాలు రెండు వచ్చాయి.

మొదటిది నాది. పాసయ్యాను. కానీ అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు మూడేళ్లు ఇంకో డాక్టరు మాట మీదే పనిచేయాలి. సొంతంగా వైద్యం చేయడానికి లేదు.

రెండోది ఇస్తారి సారుకు. పాత తీర్పు రద్దయింది. డాక్టరు పట్టా తిరిగి ఇచ్చారు. ఆయన చదవలేరు కాబట్టి నేనే చదివాను. మళ్లీ చదవమన్నారు. చదివాను. కాగితం చేతిలోకి తీసుకుని, ముద్ర ఎక్కడుందో వేలితో వెతికారు.

“అయిదేండ్ల కింద వచ్చినా బాగుండు,” అన్నారు. “అప్పటికి ఒక కన్ను పనిచేస్తుండె.”

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

“పొద్దుగాల వస్త,” అన్నారు. “అంకెలు నువ్వు సదువు. నా చేతులు ఇంక మంచిగనే ఉన్నయ్.”

రోజు 96

మిషను ఆగిపోయి వారం. తెర నల్లగా ఉంది. దాని మీద ఎవరో అప్పుడే తువ్వాలు ఆరేశారు.

మధ్యాహ్నం సారు అన్నానికి లేచాక కనకక్క వచ్చింది. సమ్మయ్యను మోసుకొచ్చిన రోజు తర్వాత ఈ గదికి రావడం ఇదే. మూకుడు జారి మరిగే నూనె చేతి మీద పడింది. మోచేతి కింద అరచెయ్యంత మేర కాలి, రెండు పొక్కులు లేచాయి. పోవడానికి వేరే చోటు లేదు కాబట్టి వచ్చింది. అది ఆమె మొహంలోనే కనిపిస్తోంది.

చేతిని కుళాయి కింద పెట్టించాను. పక్కనే నిలబడ్డాను.

“ఎంతసేపు?”

“ఇరవై నిమిషాలు.”

“ఎందుకు? మంట తగ్గింది గద.”

“పైన తగ్గినా లోపలి వేడి ఇంక తోలును కాలుస్తనే ఉంటదక్కా. అది దిగాలె.”

ఇరవై నిమిషాలయ్యాక బల్ల దగ్గర కూర్చుంది. పొక్కుల జోలికి పోకుండా చుట్టూ తుడిచాను.

“ఇవి పలుగగొట్టవా?”

“లే. కాలిన జాగల సన్న రక్తనాళాలు వదులైతయ్. వాటిల్లకెళ్లి నీళ్లు ఊరి పైతోలు కింద చేరుతయ్. ఆ పైతోలే ఇప్పుడు నీ పుండుకు మూత. తీస్తె చీము పడుతది.”

“ఈ గోలీ?”

“నొప్పికి.”

“ఈ మందు?”

చెప్పాను. గుడ్డ ఎందుకు వదులుగా కట్టాలో అడిగింది. అదీ చెప్పాను. ప్రతిదానికీ ఆగి అడిగింది, ప్రతిదానికీ నా మొహం చూసింది. అబద్ధం ఎలా ఉంటుందో వెతుకుతున్నట్టు చూసింది.

కట్టు చుట్టబోతుంటే చెయ్యి వెనక్కి లాక్కుంది.

“నీకు ఎరుక లేనిది వస్తె ఏం జేస్తవ్?”

“చెయ్యి ఆపుతనక్కా. సారును పిలుస్త. ఆయన చెప్పినంకనే ముట్టుకుంట.”

“ఆయన వచ్చేదాక?”

“మనిషి పక్కన కూసుంట.”

కనకక్క నన్నే చూసింది. ఆ చూపులో క్షమ లేదు. నేనూ వెతకలేదు. తర్వాత కాలిన చేతిని బల్ల మీద, నా ముందు, మెల్లగా పెట్టింది.

“కట్టు,” అంది.